పడటం

బ్రాడీపేట నాలుగో లైను, మందుల షాపు మీద మేడ.
రాత్రి ఏడింటి బ్యాచికి
బోర్డు మీద రాశాను:
పుట్, అప్, విత్.

విడివిడిగా అందరికీ తెలుసు.
పెట్టు. పైకి. తో.
కలిపితే ఏమిటంటే
"కొట్లో అప్పు పెట్టడమా సార్?" అన్నాడు
ఏసీలు బాగుచేసే ప్రభుదాసు.

భరించడం, అన్నాను నవ్వులు ఆగాక.
మే నెల ఎండని. పక్కింటి మైకుని. ఇంటి ఓనర్ని.
చివర్న విత్ మర్చిపోతే అర్థం మారిపోద్ది, జాగ్రత్త.

వెనక బెంచీలో నాగూర్‌బీ తుమ్మింది.
మిర్చి యార్డులో పొద్దుటినుంచీ తొడాలు తీసి
అటునుంచటే వస్తుంది.
ఆమె కొంగు సర్దుకుంటే
ఫ్యాను కింద గదంతా దగ్గుతుంది.

"మా గుమాస్తా మాటలకి వాడొచ్చా సార్?"
వాడొచ్చు.
"మరి తెలుగులో పడటం అంటాం గదా.
మాట పడ్డా, పడున్నా, పడక చస్తానా అని.
మనం కిందకి పడతా ఉంటే
వాళ్లేంది, పైకి అంటారు?"

పద్దెనిమిదేళ్లుగా చెబుతున్న పాఠం.
సుద్దముక్క వేళ్ల మధ్య పొడవుతోంది.
రేపు చెబుతానన్నాను.
చెప్పలేను, ఆమెకీ తెలుసు.

సొంత వాక్యం ఒకటి రాసిమ్మంటే
అందరూ దోమల మీద రాశారు.
ఆమె కాగితంలో, వంకర అక్షరాల్లో,
ఐ విల్ నాట్ పుట్ అప్ విత్

అంతే. ఆ తర్వాత ఖాళీ.
పేరు తెలియక కాదు.

తప్పని సున్నా చుడదామని వంగితే
కాగితం మీది కారానికి
నాకూ తుమ్మొచ్చింది.