పుత్తూరు కట్టు

నూరు గ్రాములు దాటితే లేవదన్నాడు చెంగల్రాయులు.
కెమెరా మూత ఒలిచి, మరలు సగం ఊడదీసి
పూలంగడి తక్కెట్లో పెట్టినాడు.
ముల్లు ఒప్పుకోలేదు.
మెడతాడు కోసేసినాక ఒప్పుకుంది.

విమానమంటే ఏముంది,
టీవీ పెట్టెలో వచ్చిన థర్మాకోలు,
గొడుగు పుల్ల, సైకిలు చువ్వ,
వాడు పనిచేసే మరమగ్గాల షెడ్డులో పారేసిన అట్ట.
చెన్నై నుంచి తెప్పించిన మోటారుకు మాత్రం
రెండు పెళ్ళిళ్ళ అడ్వాన్సు పోయింది.
పెళ్ళిళ్ళంటే నావి కావు, నేను వీడియో తీసేవి.
ఇరవై రెండేళ్ళుగా నిచ్చెనెక్కి తీస్తాండా.
నాకు తెలిసిన ఆకాశం
ఏడు మెట్లు.

డ్రోన్లు ఇంకా మా పక్క పెళ్ళిళ్ళకు రాని రోజులు.

రైలుకట్ట అవతల, శనక్కాయ పీకేసిన చేను.
గాలి ఇంకా లేవలేదు.
వాడు రిమోటు పుల్లల మీద బొటనవేళ్ళు ఆనించి
తెగిన పోగు కోసం వెతికేవాడిలా నిలబడినాడు.
నేను పరిగెత్తి విసరాలి.
"ముక్కు కొంచెం పైకన్నా... అంతే, వదిలెయ్!"
వదిలేసినా.
చెయ్యి ఎంత తేలికైందంటే
దాన్ని కిందికి దించాలని కూడా తోచలేదు.

కందిరీగ మాదిరి రొద. ఒక సుట్టు, రెండు సుట్లు.
గద్ద ఒకటి దగ్గరికొచ్చి చూసి
మనది కాదులే అన్నట్టు పోయింది.
మూడో సుట్టులో ఎండ దాన్ని మింగేసింది.
వస్తాందా, పోతాందా?
ఎదురొచ్చే విమానానికి ఎడమ కుడవుతుంది,
వాడి వేళ్ళు ఆ లెక్క ఒక్క క్షణం మరిచినాయి.
అరక్కోణం బండి కూత.
దాని కింద ఎక్కడో
కొమ్మ విరిగిన చప్పుడు.

మామిడితోపులో గంట వెతికినాము.
కుడి రెక్క రెండు ముక్కలు.
బోర్లా పడి, ఎర్రలైటు మాత్రం
ఇంకా ఆరిపోతా వెలుగుతా ఉంది.

మోపెడ్ వెనక దాన్ని ఒళ్ళో పెట్టుకుని
కట్లు కట్టే వీధిలోంచే రావాల్సొచ్చింది.
వేలూరు నుంచో యాడనుంచో వచ్చినోళ్ళు,
చేతులు మెడకు వేలాడేసుకుని వరసగా కూర్చున్నారు.
ఒక ముసలామె రెక్క చూసి
"పాపం, చిన్నబిడ్డా?" అనింది తమిళంలో.
ఎవురూ నవ్వలేదు.
ఆ రాత్రి చెంగల్రాయులు నిజంగానే కట్టినాడు:
వెదురు దబ్బలు, నూలు గుడ్డ,
పైన కోడిగుడ్డు తెల్లసొన.
"మూడు వారాలు కదిలించగూడదు" అన్నాడు రెక్కతో.

స్టూడియోలో షట్టరు దించి చూసినాము.
మోటారు వణుకుకి నేల జున్నులా ఊగతా ఉంది.
మిద్దెల మీద ఆరేసిన రంగు నూలు,
రేకుల షెడ్లు, పట్టాలు, మళ్ళీ పట్టాలు,
మా ఊరే, కానీ
అడ్రసు చెప్పమంటే చెప్పలేను.
"ఆపు" అన్నాడు వాడు. "వెనక్కి పోనీ. ఇంకొంచెం."
బూడిదరంగు చేనులో రెండు చుక్కలు.
ఒకటి తల వంచుకుని ఉంది.
ఇంకోదానికి చెయ్యి పైకి లేచి ఉంది,
మొదటి సుట్టులోనూ, రెండో సుట్టులోనూ.

ఎన్ని పెళ్ళిళ్ళు తీసినానో లెక్క లేదు.
భోజనాల వరసలో, అప్పగింతల్లో, ఊరేగింపులో
ఒక్కదాంట్లోనూ నేను లేను.
నా నీడ పడితే కూడా కత్తిరించేవాణ్ణి.

పడిపోయినాక పదకొండు నిమిషాలుంది.
ఒక మామిడాకు. దాని మీద చీమ,
పోయి, ఏదో మరిచిపోయినట్టు తిరిగొచ్చి, మళ్ళీ పోయింది.
దూరంగా మా కేకలు.
తర్వాత రెండు తలకాయలు, ఆకాశానికి అడ్డంగా.

అదంతా దండగ, చెరిపెయ్యమన్నాడు వాడు.
డిస్కులో చోటు లేని మాట నిజమే.
నారాయణవనం వాళ్ళ పెళ్ళి ఒకటి ఉండింది,
డబ్బులిచ్చి క్యాసెట్టు తీసుకపోయినారు గదా,
దాన్ని చెరిపినా.