చిలుము

హెరాత్‌లో చలికాలం, సిరా గడ్డకట్టే వేళ
పిల్లి వెంట్రుకల కుంచెను పెదాల మధ్య
కొసదేలుస్తూ చెప్పే ఉంటాడు ఉస్తాద్ మువయ్యద్:
"రాగి చిలుములో చిటికెడు కుంకుమపువ్వు, బిహ్రూజ్!
లేదంటే ఆ పచ్చ కాగితాన్ని తినేస్తుంది."

ఆ చిటికెడూ
జ్వరంతో మూలిగే చెల్లెలి పాలలో పడిందనుకుంటా.

ఎవరూ కనిపెట్టలేదు.
దానిమ్మ తోట నిగనిగలాడింది,
ఉస్తాదుకి శాలువా దక్కింది.

ఐదొందల ఏళ్ల తర్వాత
ఇస్తాంబుల్‌లో, నా బల్ల మీద
ఆకులున్న మేరా కంత.
అంచున రెండు పండ్లు
ఎర్రగా, ఏ కొమ్మనూ పట్టుకోకుండా.
కంతలోంచి వెనక పుట గుర్రం
ఒంటికన్నుతో నన్నే చూస్తోంది.

పూడ్చమన్నారు.
కలిపిన జిగురు గిన్నెలోనే ఆరిపోతోంది.
ఇంతకీ ఆ పిల్ల
పాలు తాగిందా?