ఒక వాషర్ బాకీ

వల్పరాయిసోలో మా ఇనుప సామాన్ల కొట్టు కొండ నడుమన ఉంటుంది.
కింద రేవు, పైన రేకుల ఇళ్లు,
మధ్యలో ముక్కుతూ మూలుగుతూ ఎక్కే లిఫ్టు పెట్టె.
మేకులు తూకానికి, మరలు లెక్కకి.
ఒక్క స్క్రూ అడిగినా కాగితంలో చుట్టి ఇస్తాను,
మా పిన్ని హోర్తెన్సియా నేర్పిన మర్యాద అది.

ఆ జూన్‌లో, పొగమంచు గల్లాపెట్టె దాకా వచ్చిన పొద్దున,
కంప్యూటర్ నా కొట్టుకి తాళం వేసింది.
"మీ గడువు తీరింది" అంది.
పదకొండేళ్ల అప్పు పద్దులు,
ఎవరికి ఎన్ని మూరల గొలుసు, ఏ అరలో ఏ బోల్టు,
అన్నీ లోపలే.
నేను కొట్టిన అంకెలే.
నా బీరువా తెరుచుకోడానికి నేనే ఏటేటా కప్పం కట్టాలి,
ఈ ఏడు కప్పం రెట్టింపట.

తలుపు బందుల కోసం వచ్చాడు నిబాల్దో,
ఓడల్లో రేడియోలు బాగుచేసి రిటైరైనవాడు.
నా మొహం చూశాడు, తెర చూశాడు.
"ఇంకో దారుంది. డబ్బు అక్కర్లేదు."
ఊరికే వస్తే ఫినాయిలైనా తాగేవాళ్లుంటారు,
నేను ఆ రకం కాదు.
రేవు పక్కన పుట్టినదాన్ని,
ఊరికే కనబడే ఎర లోపల ఏముంటుందో తెలుసు.
"ఎవరిది అది?"
"రాసినవాళ్లది. వాడేవాళ్లది కూడా."
"మరి పాడైతే ఎవర్ని తిట్టాలి?"
చాలాసేపు ఆలోచించి
"నన్ను" అన్నాడు.

తిట్టాను.
మూడు రోజులు ప్రింటరు మూగనోము పట్టింది.
నాలుగో రోజు పలికింది, ధరలన్నీ ఒక గడి పక్కకి జరిపి.
సుత్తి వెల మేకు మీద పడింది.
దోన్ బెలార్మినో ఒక మేకుకి తొమ్మిది వేల పెసోలు చూసి
"బంగారందా?" అన్నాడు, నవ్వకుండా.
పాత పద్దుల్ని మాత్రం
తుప్పు బోల్టుకి నూనె పోసి రాత్రంతా వదిలినట్టు
ఓపిగ్గా, ఒక్కొక్క చుట్టూ తిప్పుతూ
బయటికి తీశాడు.
కూలి అడిగితే ఆ రెండు బందులూ చాలన్నాడు.

అప్పుడు కనబడింది సరుకుల జాబితాలో,
మర, దాని కింద నట్టు, దాని కింద
బట్టలుతికే యంత్రం.
ఎవరో ఇంగ్లీషు వాషర్‌ని నిఘంటువులో వెతికి
మొదట చేతికి తగిలిన అర్థాన్ని తెచ్చి బిగించారు.
ఆ లెక్కన నా దగ్గర
నాలుగు వేల రెండొందల బట్టలుతికే యంత్రాలున్నాయి,
ఒక పాత బిస్కెట్ల డబ్బాలో.

పక్కటెముకలు నొచ్చేలా నవ్వాను. తర్వాత కోపమొచ్చింది.
"దిద్దు" అన్నాడు నిబాల్దో.
"ఎవర్ని అడిగి?"
"అడగడమెందుకు? రాసి పంపు. చూసేవాళ్లు చూస్తారు."
యాభై తొమ్మిదేళ్లొచ్చాయి.
సంతకం పెట్టమన్నారు, కట్టమన్నారు,
చదవని కాగితం అడుగున ఒప్పుకున్నానని నొక్కమన్నారు.
తప్పుంటే నువ్వే దిద్దు అని
ఎవరైనా నాతో అనడం
అదే మొదలు.

గొలీయా, అని రాసి పంపాను.
మా కొండ మీద పుట్టిన ప్రతి పిల్లకీ తెలిసిన మాట.
మోంతెవిదెయో నుంచి ఎవరో ఇరినేయో అడ్డం తగిలాడు,
"మా దగ్గర అరందేలా అంటాం" అని.
ఇరవై పెసోల చిల్లు బిళ్ల గురించి
రెండు వారాలు వాదించుకున్నాం,
మొహాలు ఎరగనివాళ్లం.
చివరికి చిలీకి నా మాట, మిగతా చోట్లకి అతనిది.
ఎవరి నట్టు కింద వాళ్ల వాషర్.

సెప్టెంబరులో కొత్త కూర్పు దిగింది.
మర, నట్టు, గొలీయా.
తెర మీద వేలు పెట్టి చూశాను, తడి సిరా ఏమోనన్నట్టు.

కూడికలు రాసిందెవరో నాకు తెలీదు.
సాయంత్రం గల్లా మూసేటప్పుడు నా తప్పు లెక్కని
పట్టి ఇచ్చే ఆ చిన్న ఎర్ర గుర్తు
ఏ దేశపు నిద్రలేని రాత్రిదో తెలీదు.
అయినా అప్పు పుస్తకంలో ఒక పేజీ తెరిచి,
పేరు రాసే చోట ఖాళీ వదిలి,
ఒక వాషర్ జమ అని రాశాను.
మిగతాదంతా బాకీ.

ఇంతలో ఎవరో కుర్రాడు సైకిలు ఆనించి
"రెండు గొలీయాలు" అన్నాడు.
కాగితంలో చుట్టి ఇచ్చాను.