వెళ్ళేవాళ్ళకే టికెట్

మా గోజో దీవిలోకి రావడానికి ఎవరూ డబ్బడగరు.
వెళ్ళడానికే టికెట్.
మ్జార్ రేవులో అద్దం వెనక కూర్చుని
ఆరేళ్ళుగా ఆ టికెట్లిచ్చేది నేనే.
ఈ ఆదివారం మాత్రం అద్దానికి ఇవతల నిలబడ్డాను.
"సెలవు రోజున ఎక్కడికే, డొరొటియా?" అంది మార్యెల్లా.
"పన్ను నొప్పి" అన్నాను
ఏ వైపు దవడ పట్టుకోవాలో తేలక.

శుక్రవారం రాత్రి, ఉప్పు మళ్ళ పక్కన,
సాల్వు వ్యాన్‌లో, సిమెంటు బస్తాల మధ్య.
ఇద్దరం ముప్పై దాటినవాళ్ళం.
తెలియక కాదు, తెలిసే ఊరుకున్నాం.
"ఏం కాదులే" అన్నాడు.
ఆ మాటని అక్కడే వదిలేసి
తను ఇంటికెళ్ళి నిద్రపోయాడు.
నేను మోసుకొచ్చాను.

మా చర్చికి రెండు గడియారాలు:
ఒకటి సరైన వేళ చూపడానికి,
రెండోది దయ్యాన్ని ఏమార్చడానికి.
డెబ్బై రెండు గంటల్లోపు అని ఎక్కడో విన్న గుర్తు.
వేళ్ళు మడిచి లెక్కపెడితే
ఒకసారి ముప్పై నాలుగు, ఒకసారి ముప్పై ఎనిమిది.
ఆ దయ్యం నేనేనేమో.

మా ఊరి మందుల షాపావిడ
జ్ఞానస్నానం నాడు నన్నెత్తుకున్న మనిషి.
నేను దగ్గు మందు కొన్నా
దీపాలు పెట్టేలోగా అమ్మకి తెలుస్తుంది.
అందుకే పడవ.

పడవలో ఎదురుగా ఒకామె
పిల్లాడి బండి చక్రానికి కాలు అడ్డం పెట్టి
పాస్టిత్సీ తింటోంది.
పొరల పొడి వాడి జుట్టు మీద రాలుతోంది.
చూడబుద్ధయింది.
చూస్తే ఏమవుతుందో అనీ అనిపించింది.

అవతలి ఒడ్డున మొదటి షాపాయన
నా చెప్పుల వైపు చూస్తూ "మేం అమ్మం" అన్నాడు.
రెండోది మూసి ఉంది.
మూడోదాంట్లో నాకంటే చిన్నది,
గొంతు తగ్గించి, ఎప్పుడని మాత్రమే అడిగి,
మంచినీళ్ళు తనే తెచ్చిచ్చింది.
"మూడు గంటల్లోపు వాంతైతే మళ్ళీ రండి" అంది.
ఆ "రండి" దగ్గర నాకు ఏడుపొచ్చింది.

తిరుగు పడవకి ఎవరూ డబ్బడగలేదు.

ఆ తర్వాత రోజులు.
కడుపులో చిన్న మెలిక తిరిగినా
అదేనేమోనని లేచి వెళ్ళడం,
తెల్లటి గుడ్డ చూసి తిరిగి రావడం.
"ఏమైనా తెలిసిందా?" సాల్వు మెసేజ్,
బంతాటలో స్కోరు అడిగినట్టు.
జవాబు టైపు చేశాను. చెరిపాను.
పన్ను ఎలా ఉందని మార్యెల్లా అడిగితే
ఏ పన్ను అన్నాను.

నిన్న రాత్రి అమ్మ సరుకుల చీటీ రాస్తోంది:
శనగలు, బట్టల సబ్బు, నూనె...
పెన్సిల్ ఆగింది.
తలెత్తకుండానే అడిగింది,
"ఈ నెల నీ ప్యాకెట్ రాయనా?"

బయట పండక్కి టపాసులు పరీక్షిస్తున్నారు.
ఒకటి పేలింది.
రెండోదాని కోసం ఇద్దరం చెవులు రిక్కించాం.

"రాయి" అన్నాను.

రాసింది.
చీటీ మడవలేదు.
తన కంచంలో రొట్టె ముక్క తీసి
నా కంచంలో వేసింది.