డీజిలు పద్దు

కరవాక రేవులో
నా రేకుల కొట్టు ముందు నాలుగు నీలం డ్రమ్ములు,
ఒక గరాటు, మేకుకి దారంతో వేలాడే పెన్సిలు.
ఇరవై రెండేళ్లుగా నేను రాస్తున్నది ఒకటే పుస్తకం:
కొప్పాడి పోలేశు, డెబ్భై లీటర్లు, అప్పు.
సంగాని ఏసు, నలభై, అప్పు.

పొద్దున్న రేడియో చెప్పింది,
ఎక్కడో చల్లటి గదిలో కొన్ని దేశాలు కూర్చుని
కుళాయి కొంచెం బిగిద్దామనుకున్నాయట.
ఎంత బిగించారో నాకు సరిగా వినబడలేదు.
మధ్యాహ్నానికి నా గరాటుకి తెలిసింది.

"సరుకుండీ అమ్మకుండా కూర్చోడమేంటండి,
ఆళ్ళకి బుద్ధుందా?" అన్నాడు పోలేశు,
ఖాళీ డబ్బా మీద దరువేస్తూ.
నేను మాట్లాడలేదు.
మరిచిపోయినట్టున్నాడు.
తుపాను మరుసటేడు మన నాలుగు పల్లెలూ
ఇసకలో గొంతుకూర్చుని ఒట్టేసుకున్నాయి,
రొయ్యకి రేటొచ్చేదాకా
ఒక్క నావా మొగ దాటకూడదని.
పదకొండో రాత్రి
లాంతరార్పుకుని ఒకటి దాటింది,
ఇంజను గొంతుకి తడిగోనెలు చుట్టుకుని.
తెల్లారేసరికి వలలు తెగాయి, ఒకడి చెవి తెగింది,
కుదిరిన పెళ్ళిళ్ళు మూడు తప్పిపోయాయి.
రెండు పల్లెలు ఇప్పటికీ
ఒకళ్ళ చావుకొకళ్ళు రారు.
ఆ నావ పోలేశుది.
ఆ డీజిలు నాది.
ఆ తేదీకి ఎదురుగా పద్దులో ఏమీ లేదు.

సాయంత్రం గెడ్డం మార్తమ్మొచ్చింది,
బోరింజనుకి ఐదు లీటర్లు, ఎప్పట్లాగే రొక్కం.
కువైట్‌లో ఆవిడ కాఫీ అందించిన ఇంటాయన
చమురాఫీసులో పెద్ద ఉద్యోగి.
పక్కదేశం వాళ్ళకి కోపమట,
ఏటవాలుగా గొట్టం దింపి మా చమురు లాగేస్తున్నారని.
"అది నాకు అరబ్బీ రాకపోయినా అర్థమైందండి.
మా సరిహద్దు రైతు లోతుగా బోరేశాకే కదా
మా చేను నోరు తెరిచింది."
తర్వాత ట్యాంకులొచ్చాయి.
బస్సులో ఎడారి దాటి, గుడారంలో పడుకుని,
ఒక చెప్పుతో ఇంటికొచ్చింది.
బావులు తగలబడ్డం ఇక్కడే చూసింది, ఎవరింటి టీవీలోనో.
ఆ పొగలో
తను రోజూ తుడిచిన మెట్లు కనబడతాయేమోనని
మెడ సాచి చూసిందట.

మన కాళ్ళ కిందా ఉంది అది.
ఎంత తోడాలో మనల్నడగరు,
కొబ్బరిచెట్టుకి తెల్ల రంగు గీత గీసి పోతారు.
రాత్రి టెర్మినల్ మీద మంట లేస్తే
దీపం లేకుండా లెక్క చూసుకోవచ్చు.
ఆ వెలుగు సముద్రం మీద చంద్రుడనుకుని
తాబేళ్ళు దారి తప్పుతాయని చెబుతారు.
నేను చూడలేదు.

ఏదో జలసంధిలో ఓడ మండుతోందని మళ్ళీ వార్త.
ఒకరి దగ్గర చవగ్గా కొంటున్నామట,
ఇంకొకరితో కలిసి యుద్ధనావలు తిప్పుతున్నామట.
"ఇంతకీ మనదే వైపండి?"
పోలేశు నన్నడిగాడు, మార్తమ్మ చెప్పింది:
"కేను పట్టుకుని నిలబడ్డ వైపు, బాబూ."

డెబ్భైకి బదులు ముప్పై పోయించుకున్నాడు.
ముప్పై లీటర్లకి ఎంత సముద్రమొస్తుందో
వాడికీ తెలుసు, చేపలకీ తెలుసు.
చేపలు దానికి అవతల ఉంటాయి.

మార్తమ్మ కదల్లేదు.
"మీ పుస్తకంలో నా పేరు లేదు కదండీ."
లేదన్నాను, అప్పు పెట్టలేదు కదా.
"అయితే ఇలా రాయండి.
ఇంటాయన బాకీ, మూడు నెలల జీతం. రాలేదు."
ఏ పేజీలో రాయాలో తోచలేదు.
పాత పుస్తకం దింపి, దుమ్ము దులిపి,
ఆ ఖాళీ తేదీ దగ్గర తెరిచాను.
పెన్సిలు ముక్కు విరిగుంది.
పళ్ళతో చెక్కాను.