డ్యూటీ దిగిన కణాలు

హన్మకొండలో కరెంటు పోయి వచ్చేలోపు
ఇన్వర్టర్ ఒక్కసారి గుటక మింగుతుంది.
ఇంక్యుబేటర్ ముప్పై ఏడు దగ్గర
ఊపిరి బిగబట్టుకొని నిలబడుతుంది.
అందులో, ప్లాస్టిక్ పళ్ళేల అడుగున,
రొమ్ము క్యాన్సర్ కణాలు.

చావు రాదు వాటికి. నిద్రా రాదు.
ఒకటి రెండు, రెండు నాలుగు,
రెండో ఎక్కం దాటి చదవని పిల్లల్లా
రాత్రంతా అదే వల్లెవేస్తాయి.

ఐదు రోజుల కింద
వాటి వాకిట్లో ఒక చిన్న ప్రోటీన్ వదిలాను.
కణం పొరకు బయట సగం, లోపల సగం
వేలాడే రిసెప్టర్ ఉంటుంది.
గొళ్ళెం అనుకునేదాన్ని మొదట్లో.
కాదు. గొళ్ళెమైతే తలుపు తెరుచుకోవాలి.
ఇక్కడ ఎవరూ లోపలికి పోరు.
తట్టిన సంగతి మాత్రం పోతుంది
చేతి నుంచి చేతికి, ఫాస్ఫేటు బరువుతో,
కేంద్రకం దాకా.
అక్కడ స్విచ్చు దిగుతుంది.

నిన్న ఒక పళ్ళేనికి రంగు వేశాను.
దాని జంటను కదిలించలేదు.
పొద్దటికి నీలం.
గిన్నెకు అద్దిన సర్వప్పలా
ఒక్కో కణం వెడల్పుగా, పల్చగా.

సీసాలు కడిగే మొగిలి వెనక నుంచి తొంగిచూశాడు.
"సచ్చినయా బిడ్డా?"
"రంగేసినయి సచ్చినయి కాకా. వీటి జోడు
లోపల బతికే ఉన్నది. ముసలిదైంది గంతే.
ఇగ పిల్లల్ని కనదు."
"సంపలేదా మరి?"
"పని బందు పెట్టిచ్చిన."

నవ్వాడు, తడిచేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ.
ఆజంజాహి మిల్లులో దారం వడికిన చేతులు.
"అట్లయితే మా లెక్కనే.
మిల్లు మూసినంక మేం సచ్చినమా?
సైరన్ లేకున్నా ఐదింటికే కండ్లు తెరుసుకునేటియి.
గేటు కాడ కూసోని ఒకటే ముచ్చట."

ఆ ముచ్చటే నా భయం, కాకా.
అనలేదు నేను.

ఆగిన కణాలు ఊరికే ఉండవు.
రోజంతా ఏదో ఒకటి వెళ్ళగక్కుతుంటాయి.
అది విని కొన్నిసార్లు
తెల్లకణాల పహరా వచ్చి వాటిని ఎత్తుకుపోతుంది.
కొన్నిసార్లు అదే పక్కింటికి సెగవుతుంది,
ఆరిందనుకున్న పొయ్యిలోంచి
ఇంకెవరో నిప్పు పట్టుకుపోయినట్టు.
ఎప్పుడు ఏది?
నా నోటుబుక్కులో ఆ పేజీ ఖాళీ.

మొన్న ఎంజీఎం మెట్ల మీద
నా తెల్లకోటు చూసి ఒకామె ఆపింది.
కొత్తవాడలో జంపఖానాలు నేస్తుందట, పేరు భూలక్ష్మి.
స్కాను రిపోర్టు చేతిలో పెట్టి
"పోతదా, ఉంటదా?" అన్నది.
ఉండి ఊకుంటే చాలదా అక్కా,
నోటిదాకా వచ్చింది.
నేను డాక్టర్‌ను కాదని మాత్రం చెప్పాను.
ఆమె వేళ్ళకు ఎర్ర నూలు పోగు చుట్టుకొని ఉంది.

మొగిలి పోయాక
జంట పళ్ళెం తీసి లెన్సు కింద పెట్టాను.
అన్నీ పరుచుకొని, కదలకుండా.
ఎడమ మూలకు ఒక్కటి
గుండ్రంగా, మెరుస్తూ,
నడుము దగ్గర సన్నబడుతోంది.

తట్టిన చెయ్యి అందలేదో,
విని విననట్టున్నదో.