పదకొండు సెకండ్లు

పరకాల తహసీలు ఆఫీసు ముందల
జిరాక్సు షాపు రేకునీడ ఎటు జరిగితే
అటు జరిగే బల్ల నాది.
బల్ల మీద తొమ్మిదేండ్ల ల్యాప్‌టాప్.
‘మ’ మీట మీద రాత అరిగిపోయింది,
మనవి, మనవి అని కొట్టీ కొట్టీ.

స్విచ్చి నొక్కితే ఎనిమిది నిమిషాలు.
తెర మీద చుక్కలు గుండ్రంగ తిరుగుతుంటయి,
లోపట డిస్కు నిద్రల పండ్లు కొరుకుతుంటది.
బ్యాటరీ ఎన్నడో సచ్చింది.
కరెంటు ఒక్కసారి రెప్పకొడితే
మళ్లీ మొదటికే.

అర్జీ రాయించుకోను వచ్చినోళ్లు
అప్పటిదాంక ఊకే ఎట్ల కూసుంటరు?
కౌకొండ పోచాలు చెప్పిండు:
అన్నదమ్ముల కొట్లాట నాలుగెకరాలకు గాదు,
ఒక్క మోటరుకు,
నడిరాత్రి కరెంటుకు ఎవలు లేవాలె అనేదానికి.
నడికూడ రాజీరమ్మ చెప్పింది:
సాదాబైనామా మీద సాక్షి సంతకం పెట్టినాయనను
పెండ్లిల నలుగుట్ల బాకీ అడిగిందట,
ఇప్పుడు ఆ సంతకమే నాది గాదంటున్నడట.
అర్జీల ఆరు వాక్యాలకే జాగ.
మిగిలిందంత నా చెవులల్ల పడి ఉండేది.

ఈ ఎండాకాలం
రెండు ఫైళ్లు తెరిస్తే బిగుసుకపోవుడు మొదలుపెట్టింది.
వరుసల నిలబడ్డోళ్లు
పక్క బల్ల పిలగాని కొత్త మిషిను దిక్కు చూడవట్టిరి.
ఆదివారం దాన్ని చద్దరుల చుట్టి బస్సెక్కిన.

హన్మకొండ చౌరస్తా,
మెట్లు దిగితే యాకస్వామి దుకాణం.
బోర్ల తిప్పి మరలు విప్పిండు.
ఎనిమిదే ఉన్నయి, తొమ్మిదోది ఎక్కడ రాలిందో.
ఫ్యాను సందుల నుంచి
తెల్లటి నూగు చిమటతోని గుంజి అడిగిండు,
‘మీ దగ్గర జిన్నింగు మిల్లున్నదా అక్కా?’

చూపుడువేలంత పచ్చ ముక్క చూపెట్టిండు.
‘ఇది ర్యామ్. నీ బల్ల అనుకో.
బల్ల చిన్నగుంటే ఒక కాయితం తీస్తేగాని
ఇంకోటి పరవరాదు.
డిస్కేమో నీ బీరువా.
ఇగ తలుపు కిర్రుమనది.’
నాలుగు వేల ఆరు వందలన్నడు.
అర్జీకి ముప్పై లెక్కన
నూట యాభై మూడు అర్జీలు.
మీది పది రూపాయలు వదిలిండు.

పాత డిస్కుల నుంచి కొత్తదాంట్లకు
ఊర్లకు ఊర్లు ఎక్కుతున్నయి.
ముప్పై శాతం, నలభై,
నలభై ఒకటి కాడ ఆగింది.
చాయ్ తాగొచ్చినా నలభై ఒకటే.
‘ఇక్కడ చెడిపోయిందక్కా. ఒక్క ఫైలు రాదు.’
పేరు చదివిన: లసుమవ్వ రెండు.
‘రాకుంటే రాకపాయె,’ అన్న,
‘అది నాకు నోటికొస్తది.’

సోమవారం.
స్విచ్చి నొక్కిన, పదకొండు సెకండ్లు.
చప్పుడు లేదు.
మొదటాయన కండువ దులిపి కూసునేలోపట్నే
తెల్లటి పేజీ, అండ్ల రెప్పలార్పుకుంట గీత.
దాన్ని చూసి ఆయన
ఆఫీసరు ముందల నిలబడ్డట్టు నిటారైండు.
సర్వే నంబరు, ఊరు, తండ్రి పేరు.
ముప్పై రూపాయలు.
పోయిండు.

పగటీలికి పద్నాలుగు అర్జీలు.
పక్క బల్ల పిలగాడు నా దిక్కు చూస్తున్నడు.
మంచిగనే ఉన్నది, అబద్ధమెందుకు.
అన్నం డబ్బ మూత తీసి యాజ్జేసుకుంటే
పద్నాలుగు మందిల
ఒక్కరి మొకం మతికి రాలే.

మూడు గొట్టంగ లసుమవ్వ వచ్చింది,
మూడో అర్జీకి.
చెప్పులు బల్ల కింద విడిచి,
మోకాళ్లు పట్టుకొని మెల్లగ కూసున్నది.
నేను మూత దించిన.
‘జర ఆగవ్వా,
ముసలి మిషిను, లేవనీకె టైం పడతది.’

‘లేవనియ్యి బిడ్డా, దానికేం తొందర,’
అనుకుంట అవ్వ
సంచి మూతి విప్పింది.